వేపాకు వేస్తే చెనిక్కాయకు బూజు విషం పట్టదా?

నిల్వ గింజలకు పట్టే బూజు, దానికి ఆకుల వాడకం మీద తిరుపతి, చిత్తూరు వైపు పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకరికిచ్చిన జవాబులో మరొకరికి పనికొచ్చే సంగతి ఉంది కాబట్టి మొత్తం చదవండి.

ప్రశ్న: అయ్యా, రెండెకరాల్లో వానాధారంగా చెనిక్కాయ (వేరుశెనగ) వేశాము. పీకే నాటికి ముసురు పట్టుకుంది. ఎట్లో ఆరబెట్టి 18 మూటలు ఇంట్లో పెట్టాము. మా అవ్వ కాలంలో మూటల్లో వేపాకు, వావిలాకు వేసేవాళ్లు. వేపాకుతో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పోతుందని ఫోన్లో వీడియో చూశాను. మూటకు ఎంత ఆకు వెయ్యాలి?
— ఒక రైతు, పాకాల

జవాబు: ఆకు లెక్క తర్వాత చెబుతాం. ముందు ఒక మూట విప్పి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి చూడండి. పైనున్న కాయ కంటే లోపలి కాయ వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా ఆ మూటకు కావలసింది ఎండ. ఆకు వేసి మూతి కుడితే నష్టమే.

అఫ్లాటాక్సిన్‌ను తయారుచేసేవి ముఖ్యంగా ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు. ఇవి ఎక్కడి నుంచో రావు, మన చేలో మట్టిలోనే ఉంటాయి. కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాల్లో బెట్ట తగిలితే భూమిలో ఉండగానే కాయలోకి దూరతాయి. పీకాక కాయ తడిగా ఉన్నన్నాళ్లూ 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనంలో పెరుగుతూ విషం చేస్తాయి. అక్టోబరు, నవంబరు ముసుర్లలో మన ఇళ్లలో ఉండేది అదే వెచ్చదనం, అదే తేమ.

వేపాకు గురించి మీరు విన్నదానికి ఆధారం ఉంది. 1980ల చివర్లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో ఈ బూజును పెంచే ద్రావణంలో వేపాకు రసం కలిపి చూశారు. బూజు మామూలుగానే పెరిగింది కానీ విషం తయారవడం దాదాపు ఆగిపోయింది. అయితే అక్కడ రసం బూజు పోగు పోగునూ తాకుతూ ఉంది. పైగా విషం తయారీ మొదలు కాకముందే కలిపారు. మూటలో వేసిన ఎండాకు కాయ తొక్కనే అంతంతమాత్రం తాకుతుంది, తొక్క లోపల గింజ మీదున్న బూజు దాకా చేరదు. అడ్డసరం ఆకు రసం, వాము రసం తయారైన విషాన్ని కూడా కొంత విరగ్గొడతాయని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చూపారు. అది కూడా రసంలో గంటల తరబడి ఉంచి చేసిన పని. మూటలో ఆకు వేసి ఉన్న విషాన్ని తీసేసే దారి ఇప్పటికి లేదు.

మరి మీ అవ్వ ఎందుకు వేసేది అంటే, పురుగు కోసం. ఆ పని ఆకు బాగా చేస్తుంది, అందులో అనుమానం లేదు. పురుగుకూ బూజుకూ సంబంధం కూడా ఉంది. పుచ్చు పురుగు కాయకు బెజ్జం పెడితే ఆ బెజ్జంలోంచే బూజు లోపలికి పోతుంది. వేల పురుగులు ఒక మూటలో ఊపిరి తీస్తుంటే వాటి నుంచి వచ్చే నీటి ఆవిరికి, వేడికి మూట నడుమ చెమ్మగిల్లుతుంది. కాబట్టి బాగా ఎండిన కాయలో ఆకు వేస్తే పురుగు తగ్గి, దాని వెనకే వచ్చే బూజూ తగ్గుతుంది. తడి కాయలో వేస్తే ఏమీ జరగదు.

పచ్చాకు వేస్తే జరిగేది ఇంకా చెడ్డది. పచ్చి వేపాకులో నూటికి 60 పాళ్లు నీరే. 100 కిలోల కాయలో 2 కిలోల పచ్చాకు వేశారంటే కిలో పైన 200 గ్రాముల నీళ్లు మూటలో పోసినట్టు. 8 శాతం తేమకు ఆరబెట్టిన కాయ 9 దాటుతుంది. ఆకు కుప్పగా పడినచోట ఇంకా ఎక్కువ. చాలామంది మూట అడుగున ఆకు చుట్టూ బూజు కట్టిందని రాస్తుంటారు. అది ఆ నీళ్ల వల్లనే.

ఇప్పుడు మీరు చెయ్యవలసింది. కాయను కల్లంలో గానీ మిద్దె మీద గానీ పట్ట పరిచి రెండంగుళాలకు మించని మందంలో పొయ్యండి. రోజుకు మూడు సార్లు తిరగెయ్యండి. సాయంత్రం నాలుగున్నరకే కుప్ప చేసి కప్పెయ్యండి, మంచు పడితే పగలంతా ఆరింది మళ్లీ పీలుస్తుంది. గింజకైతే 7 శాతం, కాయకైతే 8 నుంచి 9 శాతం తేమ దాకా రావాలి. వడ్లకు 13 చాలు కదా, చెనిక్కాయకు 8 ఎందుకు అని అడగవచ్చు. గింజలో దగ్గర దగ్గర సగం నూనె. నీరు నూనెలో ఇమడదు, మిగతా సగంలోనే ఉంటుంది. కాబట్టి 8 శాతం అని చూపినా ఆ సగంలో అది 15 శాతంతో సమానం. బూజు చూసేది దాన్నే.

తేమ మీటరు లేకపోతే కాయ ఊపండి, గింజ గలగల మనాలి. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే పైపొర ఊడి రావాలి. పంటి కింద పటుక్కున రెండుగా విరగాలి, మెత్తగా అణగకూడదు. వచ్చే పంటకు ఇంకో పద్ధతి పెట్టుకోండి. పీకిన రోజే 10 కిలోల పచ్చికాయ తూచి వలసంచిలో పోసి గుర్తుకట్టి మిగతా కాయతోపాటే ఆరబెట్టండి. పచ్చికాయలో 40 శాతం నీరుంటే ఆ సంచి ఆరున్నర కిలోలకు దిగినప్పుడు 8 శాతానికి వచ్చినట్టు. ఏడున్నర దగ్గర ఆగితే ఇంకా 20 శాతం తేమ ఉంది, మూట కట్టకూడదు.

అంతా ఎండాక 40 కిలోల మూటకు అర కిలో నుంచి ముప్పావు కిలో ఎండిన వేపాకు లేదా వావిలాకు అడుగున, నడుమ, పైన మూడు వరసలుగా వెయ్యండి. కాయగానే దాచండి, ఒలిచిన గింజ దాచవద్దు. మూటలు గోడకు అడుగున్నర దూరంలో చెక్కల మీద పెట్టండి. పాత గోనెలు వాడితే 5 శాతం వేపగింజల కషాయంలో, అంటే 20 లీటర్ల నీటికి కిలో వేపగింజల పొడి లెక్కన, ముంచి బాగా ఎండబెట్టాకే కాయ పొయ్యండి.

ప్రశ్న: మా ఇంట్లో మూడు బస్తాల రాగులు, బస్తా కందులు ఏడాది తిండికి పెట్టుకుంటాం. వేపాకు, వావిలాకు, సీతాఫలం ఆకు, కానుగాకు, పుదీనా, కరివేపాకు అని తలా ఒకటి చెబుతున్నారు. ఏ ఆకు మంచిది, ఎట్లా ఎండబెట్టాలి? పోయినేడు వేపాకు వేస్తే పప్పు చేదెక్కింది.
— ఒక గృహిణి, పలమనేరు

జవాబు: అమ్మా, రాగులకు ఆకు అక్కరలేదు. రాగి గింజ చిన్నది, గట్టిది, పురుగు దాదాపు ముట్టదు. 12 శాతం తేమకు ఎండబెట్టి పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. రాగులకు శత్రువు తడి ఒక్కటే. పాత్రను సిమెంటు గచ్చు మీద నేరుగా పెట్టకండి, వానాకాలం గచ్చు చెమరుస్తుంది. అడుగున చెక్క వెయ్యండి.

కందులకే ఆకు కావాలి. తిండి గింజకైతే వావిలాకు, వేపాకు ఈ రెండూ చాలు. వాటిలో వావిలి ఘాటు ఎక్కువ, చేదు అంటించడం తక్కువ. మీకు దొరికితే అదే వాడండి. పుదీనా, కరివేపాకు ఘాటు కొద్ది రోజుల్లోనే పోతుంది. డబ్బాలో రెండు కిలోల పప్పుకు సరే గానీ బస్తాకు ఆనవు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే ప్రమాదం, తిండి గింజల దగ్గరికి రానివ్వకండి. ఆ ఆకు కూడా మానెయ్యడం మేలు.

ఎండబెట్టే తీరులోనే సగం పని ఉంది. ముదురాకు కొయ్యండి, లేత చిగురు వద్దు, అందులో నీరెక్కువ. మంచు ఆరాక, పది గంటలు దాటాక కొయ్యండి. దుమ్ముంటే కడగవచ్చు గానీ ఆ నీరు ఆరేదాకా పలుచగా ఆరవెయ్యాలి. తర్వాత ఆకును ఈనె నుంచి దూసెయ్యండి. ఈనె ఆకు కంటే రెండు మూడు రోజులు ఆలస్యంగా ఎండుతుంది. ఆకు గలగలమంటుంటే ఎండిందనుకుని ఈనెతో సహా వేసేస్తారు, ఆ ఈనెలోని తడే తర్వాత బూజు పట్టిస్తుంది. దూసిన ఆకును నీడలో, గాలి ఆడేచోట బట్ట మీద పలుచగా పరచండి. ఎండలో పెడితే వేపలో పురుగు మీద పనిచేసే అజాడిరక్టిన్ ఎండ వెలుతురుకు విరిగిపోతుంది, వావిలిలో ఘాటు నూనె ఆవిరైపోతుంది. వాన లేని రోజుల్లో నాలుగైదు రోజులు, ముసురులో వారం పట్టవచ్చు. గుప్పిట్లో పట్టి నలిపితే చిటపటమని పొడి కావాలి. వంగుతుంటే ఇంకా తడి ఉన్నట్టే. మూడు కిలోల పచ్చాకు ఎండితే కిలో పైచిలుకు వస్తుంది.

మీ పప్పు చేదెక్కిందంటే బహుశా ఆకు పొడి చేసి కలిపి ఉంటారు, లేదా ఆకు నలిగి పొడైపోయి ఉంటుంది. తినే కందులకు పొడి వద్దు. ఆకును నూలు గుడ్డలో అరచెయ్యంత మూటలుగా కట్టి, 50 కిలోలకు ఎనిమిది పది మూటలు, మొత్తం అర కిలో ఆకు వచ్చేట్టు, నాలుగు వరసల్లో పెట్టండి. తీసేటప్పుడు సులువు, చేదు అంటదు. ఘాటు తగ్గుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి కొత్త ఆకు మార్చండి.

ఆకు కంటే ముందు కందులకు రెండు మంచి ఎండలు తగలాలి. కంది పుచ్చు చేలోనే మొదలవుతుంది. కాయ మీద పెట్టిన గుడ్డు గింజతోపాటే ఇంటికి వస్తుంది. ఆకు వాసన గింజ లోపలున్న పురుగును చంపదు, ఎండ వేడి చంపుతుంది. ఎండబెట్టి చల్లారాకే పాత్రలో పొయ్యండి. వేడి మీద పోస్తే మూత లోపలి వైపు నీటి బొట్లు కడతాయి, ఆ బొట్లు పడిన పై వరసకే మొదట బూజు పడుతుంది. మన సీమలో కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం ఉంది కదా, అది మంచి పద్ధతే. పప్పుకు వాడుకునే కందులకు కిలోకు 5 మి.లీ. ఆముదం పట్టించినా పురుగు గుడ్డు పెట్టడం తగ్గుతుంది.

తేమ చూసుకోవడానికి బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజలు, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి నిమిషం పాటు ఆడించి పావుగంట ఉంచండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో 15 శాతం పైన తేమ ఉంది. అంటకపోతే వడ్లకైతే దాదాపు సరే. కందులు 9, 10 శాతానికి రావాలి కాబట్టి ఇంకో రెండు ఎండలు పెట్టండి. చెనిక్కాయకు ఈ ఉప్పు పరీక్ష పనికిరాదు, కారణం పై జవాబులో ఉంది.

ప్రశ్న: పది పాడి ఆవులున్నాయి. చెనిక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) రెండు బస్తాలు చెమ్మకు పచ్చ బూజు పట్టింది. బూజు గీకేసి ఎండబెట్టి, వేపాకు పొడి కలిపి పెడితే పర్వాలేదా? పారెయ్యాలంటే మనసొప్పడం లేదు.
— ఒక పాడి రైతు, పుత్తూరు

జవాబు: పెట్టకండి. గీకితే పోయేది పైన కనిపించే బూజు. విషం చెక్కలోకి దిగిపోయి ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. వేపాకు పొడి దాన్ని తియ్యదు, పైగా చేదుకు ఆవు మేత తగ్గిస్తుంది.

ఆవు తిన్న అఫ్లాటాక్సిన్‌లో ముఖ్య రకమైన బి1 లో కొంత, సుమారు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు, ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఆరు దాకా, ఎం1 అనే మరో రకంగా మారి పాలలోకి వస్తుంది. లెక్క వేసి చూద్దాం. చెక్కలో కిలోకు 100 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు) ఉందనుకోండి, బూజు పట్టిన చెక్కకు అది ఎక్కువేమీ కాదు. ఆవు రోజుకు 2 కిలోలు తింటే 200 మైక్రోగ్రాములు. అందులో 2 శాతం అంటే 4 మైక్రోగ్రాములు 8 లీటర్ల పాలలోకి వస్తే లీటరుకు అర మైక్రోగ్రాము. మన దేశంలో పాలకు పెట్టిన గరిష్ఠ హద్దు సరిగ్గా అదే, 0.5. పాలు కాచినా అది పోదు. పెరుగు చేసినా, పన్నీరు చేసినా పోదు. పాలు ఎక్కువగా తాగేది పసిబిడ్డలు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే ఆపండి. ఆ చెక్క ఆపిన మూడు నుంచి ఐదు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. మిగిలిన మంచి చెక్కకు, దాణాకు విషాన్ని పట్టి ఉంచే బెంటోనైట్ మట్టి లాంటివి కలపవచ్చు. ఎంత కలపాలో మీ పశువైద్యుణ్ణి అడగండి. ఆ మట్టి కూడా బాగున్న చెక్కకు అదనపు రక్షణే తప్ప బూజు చెక్కను బాగు చెయ్యదు. కొనే దాణా అయితే ఐఎస్ఐ గుర్తు చూడండి, ఆ ప్రమాణంలో బి1 కిలోకు 20 మైక్రోగ్రాములకు మించకూడదు.

ఇకముందు చెక్క పదిహేను రోజులకు సరిపడానే తెచ్చుకోండి. వానాకాలంలో ఆకు కంటే ఇదే గట్టి కాపుదల.

ప్రశ్న: నూర్చిన వడ్లు వానకు తడిశాయి, రెండు రోజులు ఎండ లేదు. కుప్పలో వేపరొట్ట వెయ్యమన్నారు. ఏం చెయ్యాలి? ఆ బియ్యం బాగా ఉడికిస్తే దోషం పోతుందా?
— ఒక రైతు, శ్రీకాళహస్తి

జవాబు: వేపరొట్ట వెయ్యకండి, తడికి తడి తోడవుతుంది. ఎండ లేనప్పుడు క్వింటాకు కిలో ఉప్పు, 20 కిలోల బాగా ఎండిన ఊక కలిపి కుప్ప పెట్టండి. ఊక తడి పీలుస్తుంది, ఉప్పు మొలకను ఆపుతుంది. ఎండ రాగానే పరిచి, ఆరాక ఊక తూర్పారబట్టవచ్చు. కప్పేటప్పుడు పట్టను కుప్పకు ఆనించి గట్టిగా బిగించకండి, కింద ఆవిరి పోయే సందు ఉంచండి. వెన్ను చేలో ఉండగానే తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లండి, మొలకెత్తడం తగ్గుతుంది.

ఉడికిస్తే పోదు. అన్నం ఉడికేది 100 డిగ్రీల దగ్గర, కుక్కర్లో 120. ఈ విషం విరగడానికి 250 డిగ్రీలకు అటూ ఇటూ కావాలి. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న వండుకు తిన్నవాళ్లలో 100 మందికి పైగా కామెర్లొచ్చి చనిపోయారు. మీ వడ్లు రంగు మారకుండా, వాసన రాకుండా ఆరిపోతే భయం తక్కువ. కుప్ప నడుమ పచ్చగానో నల్లగానో అట్టలు కట్టినవి మాత్రం వేరు చేసి మనుషులకూ, పశువులకూ పెట్టకుండా పారెయ్యండి.

ప్రశ్న: ఒలిచాక రంగు మారినవి, ముడతలవి 20 కిలోలు ఏరి పెట్టాము. గానుగకు వేస్తే నూనెలో విషం రాదంటున్నారు. నిజమేనా? ఇంట్లో కోళ్లకైనా వెయ్యవచ్చా?
— ఒక పాఠకురాలు, కుప్పం

జవాబు: ఏరడం ఎంతో మంచి పని చేశారు. విషం గింజలన్నింటికీ సమానంగా ఉండదు. వెయ్యి గింజల్లో నాలుగైదింటిలోనే గుట్టగా ఉంటుంది. ముడతలు పడినవి, రంగు మారినవి, చీలినవి, పురుగు కొట్టినవి తీసేస్తే మిగిలిన సరుకులో విషం చాలావరకు దిగిపోతుంది. ఏ ఆకూ చెయ్యలేని పని చాట, చేతివేళ్లు చేస్తాయి. వెలుతురులో తెల్లగుడ్డ మీద పోసి ఏరండి. గింజను రెండుగా విప్పితే నడుమ పసుపు, ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది ఫ్లేవస్ లాంటి విషం చేసే బూజు కావచ్చు. నల్లపొడి వేరే జాతిది, అదీ తినకూడదు.

గానుగ సంగతి. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, అంతవరకు నిజం. కానీ వడకట్టని గానుగ నూనెలో గింజ నలుసులు తేలుతుంటాయి, వాటితో విషమూ వస్తుంది. పెద్ద మిల్లుల్లో క్షారంతో శుద్ధి చేస్తారు కాబట్టి అక్కడ పోతుంది, ఇంటి గానుగలో ఆ దశ లేదు. పలుచని గాజు సీసాలోని నూనెను ఎండలో పెడితే విషం విరుగుతుందని మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐలో 1970ల్లోనే చూపారు. దాన్ని మంచి గింజ నూనెకు అదనపు జాగ్రత్తగా తీసుకోండి గానీ చెడ్డ గింజను గానుగకు వెయ్యడానికి సాకుగా తీసుకోకండి. ఎండలో నూనె త్వరగా ముక్కుతుంది కూడా. ఆ చెక్క ఎక్కడికి పోతుందో ఆలోచించండి, ఎవరి ఆవు ముందుకో కదా.

కోళ్లకు అసలే వద్దు. అఫ్లాటాక్సిన్ సంగతి లోకానికి తెలిసిందే పక్షుల చావుతో. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకో తెలియకుండా చచ్చిపోతే, వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన చెనిక్కాయ చెక్క దగ్గర జాడ దొరికింది. ఆ 20 కిలోలూ కాల్చెయ్యండి, లేదా పశువులు, కుక్కలు తవ్వని లోతులో పూడ్చండి. వంటింట్లోనూ ఇదే పాటించండి. పచ్చడికి వేయించేటప్పుడు రంగు మారిన గింజ కనిపిస్తే తీసెయ్యండి. వేయిస్తే విషం కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.

ప్రశ్న: గాలి చొరని ప్లాస్టిక్ లోసంచి తెచ్చాను. అందులోనూ ఆకు వెయ్యాలా? మా పక్కవాళ్లు గన్నేరాకు, ఉమ్మెత్తాకు వేస్తున్నారు, పురుగే రావడం లేదట.
— ఒక రైతు, చంద్రగిరి

జవాబు: ఆ సంచిలో ఆకు వద్దు. పురుగు లోపలున్న గాలిలోని ఆక్సిజన్ వాడేసుకుని తనే ఆగిపోతుంది, అదే ఆ సంచి బలం. ఎండిన ఆకు కాడలు, ఈనెలు పలుచని ప్లాస్టిక్‌ను గుచ్చి సన్న బెజ్జాలు చేస్తాయి, అప్పుడు సంచి పెట్టిన లాభం పోతుంది. మెడ పైన గాలి పిండేసి, మెలిపెట్టి, మడిచి, రబ్బరు పట్టీతో రెండు కట్లు కట్టండి. తడి గింజ పోస్తే మాత్రం ఈ సంచి గోనె కంటే చెడ్డది, తేమ బయటికి పోయే దారే ఉండదు.

మీ పక్కవాళ్లకు ఈరోజే చెప్పండి. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, లాంటానా ఇవన్నీ మనిషికీ పశువుకీ విషాలు. ఎండినా విషం తగ్గదు. గింజల్లో ఒక్క తునక నలిగి కలిసినా ప్రమాదమే. ఉమ్మెత్త గింజలు సరుకులో కలిస్తే ఏరడమూ కష్టం. ఇప్పటికే వేసి ఉంటే ఆ సరుకు తినడానికీ, మేతకూ వాడకూడదు.

ప్రశ్న: మా సంఘంలో 40 మంది కాయ కలిపి అమ్ముతున్నాం. కొనేవాళ్లు అఫ్లాటాక్సిన్ రిపోర్టు అడుగుతున్నారు. పోయినసారి ఒక మూటలోది రెండు దోసిళ్లు పంపితే తక్కువ వచ్చింది, కొన్నవాళ్లు చూస్తే ఎక్కువ వచ్చింది. తప్పెక్కడ?
— రైతు సంఘం సభ్యులు, పలమనేరు

జవాబు: నమూనా తీసిన తీరులో. విషం కొద్ది గింజల్లోనే ఉంటుందని పైన చెప్పాం. ఆ గింజ మీ రెండు దోసిళ్లలో పడకపోతే లేనట్టు, పడితే లెక్కలేనంత ఉన్నట్టు వస్తుంది. మన దేశంలో ఇంకా శుద్ధి చెయ్యవలసిన చెనిగింజలకు హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటికి 10. ఐరోపా దేశాలకు నేరుగా తినే గింజలైతే మొత్తం 4, అందులో బి1 రెండుకు మించకూడదు. ఇంత సన్నని హద్దు దగ్గర ఒక్క గింజ ఫలితం తిప్పేస్తుంది.

సరుకు కలపకముందే ఒక్కొక్క రైతు కాయ విడిగా చూడండి. ముసురులో పీకినవాళ్లది, చివర్లో బెట్ట తగిలిన చేలది, చెద కొట్టిన కాయ, చేను పీకాక భూమిలోంచి ఏరిన కాయ వేరే కుప్ప. ఒక్కరి చెడ్డ కాయ కలిస్తే 40 మంది సరుకూ పడిపోతుంది. ఒలిచేముందు కాయ మీద నీళ్లు చల్లే అలవాటు ఉంటే పూర్తిగా మానండి. గింజ పగలకూడదని చల్లుతారు గానీ ఆ తడి గింజ మూటలో కొద్ది రోజులుంటే చాలు, బూజు పడుతుంది. వచ్చే పంటకు ఎకరాకు 200 కిలోల జిప్సం పూత, ఊడలు దిగే దశలో వేస్తే కాయ తొక్క గట్టిపడుతుంది. చెడ్డ బూజును అణచే మేలు బూజు ట్రైకోడెర్మాను 2 కిలోలు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి చేలో చల్లితే మట్టిలోని బూజు అణగుతుంది. విత్తన రకాలకు, పంట మెళకువలకు తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి.

పరీక్షకు ప్రతి మూట పైన, నడుమ, అడుగు నుంచి బొంగుతో కొంచెం కొంచెం తీసి మొత్తం పది కిలోల కాయ చెయ్యండి. అంతా ఒలిచి, ఒక్క గింజ కూడా ఏరి పారెయ్యకుండా, మొత్తాన్ని పొడి చేసి బాగా కలపండి. కలిపిన పొడిలోంచి అర కిలో తీసి, గాలి పోని పొడి సంచిలో కట్టి, తేదీ, కుప్ప నంబరు రాసి అదే రోజు ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపండి. ఇంకో అర కిలో అదే పొడిని ఫ్రిజ్‌లో మీ దగ్గర ఉంచుకోండి. కొన్నవాళ్ల లెక్కకూ మీ లెక్కకూ తేడా వస్తే మళ్లీ చూపించడానికి అది కావాలి.